బిల్లు మాత్రం బందరుకు

కీవ్‌లో బాంబు పడితే బందరులో పొగ రాదు, బిల్లు వస్తుంది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగగానే ముందు సన్‌ఫ్లవర్ నూనె ధర భగ్గుమంది. గుడివాడ రైతుకు యూరియా బస్తా ధర పెంచలేదన్నారు, నిజమే. ఆ ఏడాది కేంద్రం ఎరువుల సబ్సిడీ రూ.2.5 లక్షల కోట్లు దాటింది. అది ఎవరి జేబులోదో అడక్కూడదు. అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టేది మనమే కదా!

రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో ట్రంప్ మరో 25 శాతం సుంకం వడ్డించి మొత్తం 50 చేశారు. చౌక చమురు లాభం రిఫైనరీలకు, దెబ్బేమో దివిసీమ చెరువుల్లో వనామీ రొయ్యకు. అమెరికా పేరు చెప్పి కొనేవాళ్లు కౌంటు ధర కోసేశారు. పుతిన్ ఎవరో రొయ్యకేం తెలుసు? మీసాలు చూసి సైనికుడనుకున్నారేమో!