లెక్కల సామి

కాళాస్త్రి బస్టాండు దగ్గర టీ అంగడి బెంచీ మీద పొద్దున్నే కనపడే పెద్దాయన్ని అందరూ లెక్కల సామి అంటారు. రిటైరైన అయ్యవారు. ఊరికొచ్చే జనం రాహుకేతు పూజకొస్తే, ఈయన మాత్రం సంఖ్యల్లో లొసుగు వెతుకుతుంటాడు. ప్రధానసంఖ్య అయితే దండం పెడతాడు. కాకపోతే ముక్కలు చెయ్యందే వదలడు. ఆయన వస్తుంటే ఆటోవాళ్లు నంబరుప్లేటు మీద తువ్వాలు కప్పుతారు.

పూజకొచ్చిన చెన్నై ఆయనొకడు కొరియరుకని ఊరి పిన్‌కోడు అడిగాడు. 517644 అని చెప్పి ఊరుకోవచ్చు కదా!

"రెండు రెళ్లు నాలుగు, మూడు మూళ్లు తొమ్మిది, ఇంకో మూడు. అవన్నీ తీసేస్తే 4793. దాన్ని ఆ ఈశ్వరుడు కూడా పగలగొట్టలేడు సామీ!"

పక్కనున్న న్యూమరాలజీ ఆయన అంకెలన్నీ కూడి, "ఇరవై ఏడు! నక్షత్రాలు ఇరవై ఏడు!" అని కళ్లకద్దుకున్నాడు.

"నక్షత్రాలేంది నా మొహం! పదిని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగుల్తుంది. వందకీ అంతే, వెయ్యికీ అంతే. అందుకే అంకెల మొత్తం తొమ్మిదితో పోతే సంఖ్య కూడా పోతుంది. మధ్యలో గ్రహాలకేం పని?"

నాకైతే న్యూమరాలజీ ఆయనే నయమనిపించాడు. కనీసం శుభం పలికాడు. చెన్నై ఆయన చీటీ మీద 4793 రాసుకుని వెళ్లిపోయాడు.

ఇవన్నీ చిరుతిళ్లు. సామికి అసలు భోజనం ఇరవై అంకెలది: 18446744073709551615. చదరంగం పటంలో మొదటి గడికి ఒక గింజ, తర్వాత ప్రతి గడికీ రెట్టింపు, అట్లా అరవై నాలుగూ నింపితే వచ్చే మొత్తం. గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద ప్రచారంలో ఉన్న పద్యంలో ఈ సంఖ్య దాగి ఉంది. చంద్రుడంటే ఒకటి, బాణాలంటే ఐదు, ఆకాశమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. సామి పద్యాన్ని రాగం తీసి పాడి, ఊపిరి పీల్చకుండా ముక్కలు చెబుతాడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. 641 దగ్గర గొంతు లేస్తుంది. రెండుని ముప్పై రెండుసార్లు వేసి గుణించి, ఒకటి కలిపితే 4294967297. అది ప్రధానసంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 641తో పోతుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. ఆ పని తానే దగ్గరుండి చేయించినట్టు సామి మీసం సవరించుకుంటాడు.

అంగడాయనకు ఇవన్నీ వినీ వినీ నోటికొచ్చేశాయి. ఒకరోజు ధైర్యం చేసి, "సామీ, మీ పద్దు 463 అయింది" అన్నాడు.

"అది ప్రధానసంఖ్య అబ్బోడా, సమంగా వాయిదాలు కట్టేదానికి కుదరదు. ఇంకో టీ పొయ్యి, పన్నెండు రూపాయలు కలుపుకో. 475. రోజుకు ఇరవై ఐదు, పందొమ్మిది రోజుల్లో తీరిపోతుంది."

అంగడాయన టీ పోశాడు. పద్దులో పన్నెండు రాసి, దాని కింద గ్లాసు కడిగిన కూలి అని నాలుగు రూపాయలు చేర్చాడు.

"479 సామీ. ఇది దేంతో పోతాదో చెప్పండి."