డేరా మెషిన్ చూసిన 'మల్లీశ్వరి'

నేను 35 ఎం.ఎం. ప్రొజెక్టర్ని. మత్తూరు పక్క బయల్లో డేరా వేసి బొమ్మలాడించిన టూరింగ్ టాకీసు నాది. అప్పటికి ఆ ఊరు సేలం జిల్లా. చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. పట్నాలన్నీ తిరిగి ఒళ్లంతా గీతలు పడ్డాకే ఏ బొమ్మయినా మా దాకా వచ్చేది. 1951 నాటి 'మల్లీశ్వరి' కూడా అట్లా వచ్చిందే.

డేరాకి నేనొక్కదాన్నే మెషిన్ని. రీలు అయిపోతే లైట్లు వేసి ఇంకోటి ఎక్కించాలి. ఆ సందులో నేల టికెట్టువాళ్లు చెనక్కాయలు వొలిచేవాళ్లు. నా కడుపులో ఎదురెదురుగా రెండు కార్బన్ కడ్డీలు మండేవి. అవి అరిగి ఎడం పెరిగితే తెర పసుపెక్కుతుంది. ఆపరేటరన్న నల్లద్దంలోంచి చూస్తూ వాటిని జరిపేవాడు. వానలో మంటపం సీనులో మాత్రం కన్ను అసలు తియ్యడు. మారువేషంలో కృష్ణదేవరాయలు, కవి పెద్దన. వాళ్ల ముందు ఆడుతున్న మల్లి. వెలుగు కొంచెం తగ్గినా భానుమతి ముఖంలోని సంబరం మాసిపోతుంది.

మల్లిని రాణివాసానికి తీసుకెళ్లడానికి పల్లకీ పంపించమని ఆమె బావ నాగరాజు ఎగతాళికంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి గొప్పంతా ఇక్కడే ఉంది. విలన్ లేడు, యుద్ధం లేదు. రాజుగారి దయే ఆ ఇద్దరి కొంప ముంచింది. కృష్ణగిరి కొండమీది కోట రాయలు కట్టించిందేనని గర్వంగా చెప్పుకునే మా జనం ఆ రీలుకి చెనక్కాయలు మరిచిపోయారు. "వొద్దుమే నాగమ్మా, బిడ్డని పంపద్దు!" అని ఒక అవ్వ తెర మీది తల్లిని కేకేసింది.

రచయిత దేవులపల్లి కృష్ణశాస్త్రికి ఇదే మొదటి సినిమా. ఆయన మాటలు, రాజేశ్వరరావు బాణీలు, ఘంటసాల, భానుమతుల గొంతులు అన్నీ ఫిల్ము అంచున సన్నటి గీతలో ఉండేవి. మేఘాలతో కబురంపే పాట దగ్గర అతుకులెక్కువ. ముందు ఊళ్లలో వన్స్‌మోర్లు కొట్టి వేయించుకుని ఉంటారని నా అనుమానం.

ఈ బొమ్మ 1953లో చైనాలోనూ ఆడింది. దక్షిణాది నుంచి ఫాల్కే అవార్డు మొదట అందుకున్నది బి.ఎన్. రెడ్డే, 1974 సంవత్సరానికి. తర్వాత రాయలు ఇంకా కొన్ని బొమ్మల్లో వచ్చాడు, సెట్లూ పెరిగాయి. ఇంత నెమ్మదైన కథ మాత్రం మళ్లీ నా గేటులో నడవలేదు.

డేరాలు పోయాయి. మీ చేతుల్లో ఫోన్లున్నాయి కదా, 'మల్లీశ్వరి' పెట్టుకోండి. పాటలు తెలిసినవేనని వేలితో జరిపెయ్యకండి.