నేను ఎరుపు స్క్రీన్‌ని

సూరత్ పాండేసరాలో ఒక ప్రింటింగ్ మిల్లులో పుట్టాను. ఫ్రేముకి బిగించి కట్టిన సన్నటి జాలీగుడ్డే నా ఒళ్లు. చీకటిగదిలో మందు పూసి, బొమ్మ ఉన్న ఫిల్ము ఆనించి లైటు వేస్తారు. వెలుగు తగిలిన చోట మందు గట్టిపడుతుంది, తగలని చోట నీళ్లకు కరిగి రంగుకు దారి ఇస్తుంది. రంగుకో స్క్రీన్. నేను, నీలం, పసుపు, నలుపు వరసగా గుడ్డ మీద దిగితేనే బొమ్మ నిండుతుంది.

మొదట నా మీదికి ఎక్కింది సూపర్‌మేన్ వీపు మీది ఎర్రటి వల్లెవాటు. పిల్లల దుప్పట్ల కోసం. మా కలర్ మాస్టరుది సిరిసిల్ల, కాపురం లింబాయత్‌లో. ఓ ఆదివారం కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు.

"నాయినా, గీ బొమ్మ ఎవలిది?"

"మనది గాదు బిడ్డా. గీసినోళ్లది."

ఆ మాట అంటుంటే ఆయన గొంతు బరువెక్కింది. రాత్రులు మేలుకుని తాను గీసిన మామిడిపిందెల డిజైను వారం తిరక్కుండా ఇంకొకరి దుకాణంలో వేలాడడం చూసినవాడు మరి.

కానీ అది గీసినవాళ్లదీ కాదు. కథ రాసిన జెర్రీ సీగెల్, బొమ్మ గీసిన జో షూస్టర్ 1938లోనే 130 డాలర్లకు హక్కులన్నీ రాసిచ్చేశారు. తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 1975లో గానీ వాళ్లకు ఏటా కొంత భృతి, బొమ్మ పక్కన తమ పేర్లు దక్కలేదు. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

అమెరికాలో ఆనాటి కామిక్స్‌కు రెన్యూవల్ చేయించి ఉంటే అచ్చయినప్పటి నుంచి 95 ఏళ్ల కాపీరైట్. 2034 జనవరి 1న అక్కడ సూపర్‌మేన్ అందరివాడవుతాడు. అయితే ఆ రోజు విడుదలయ్యేది 1938 నాటి మనిషే, మేడల మీదుగా దూకేవాడు. ఎగరడం తర్వాతి కథల్లో నేర్చాడు, దాని గడువు వేరు. అతని పేరు, ఛాతీ మీది గుర్తు ట్రేడ్‌మార్కులు. వాడుకలో ఉంచి రెన్యూవల్ చేయించుకున్నంత కాలం అవి యజమానివే. బొమ్మ ఒక స్క్రీన్, పేరు ఇంకో స్క్రీన్ అన్నమాట.

1941లో వచ్చిన మరో కామిక్స్ వీరుడు బ్లాక్ టెర్రర్‌కు 28 ఏళ్లకు చేయించాల్సిన కాపీరైట్ రెన్యూవల్ జరగలేదు, అందరి సొత్తయ్యాడు. 1940 నాటి డేర్‌డెవిల్ కూడా అంతే. కానీ 1964లో మార్వెల్ అదే పేరుతో వేరే వీరుణ్ని తెచ్చింది. అందుకే పాతవాణ్ని మళ్లీ గీసినవాళ్లు అతనికి పేరు మార్చాల్సి వచ్చింది.

మాస్టరు నచ్చజెప్పగా మిల్లు సేఠ్ ఆ దుప్పట్లు ఆపించాడు. నన్ను కడిగి మళ్లీ మందు పూశారు. ఇప్పుడు నా మీద ఉన్నది రవివర్మ లక్ష్మీదేవి కట్టుకున్న ఎర్రచీర. ఆయన పోయింది 1906లో. మన చట్టంలో కాపీరైట్ చిత్రకారుడు పోయాక 60 ఏళ్లే కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

డిజైను తెచ్చే అన్నలారా, ఎవరు గీశారో, ఏ ఏడాది గీశారో కనుక్కోండి. ఆ తర్వాతే నన్ను చీకటిగదిలోకి తీసుకెళ్లండి.