గీతకు ఇవతలి డబ్బా

నా ఒంట్లో ఒక్క మోటారు కూడా లేదు. బంతి విసరను, మెట్లెక్కను, ఎదుటి జట్టు రోబోను బోర్లా పడెయ్యను. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, చుట్టూ అల్యూమినియం చట్రం, పలక మీద రెండు జాయ్‌స్టిక్‌లు, మధ్యలో ల్యాప్‌టాప్, కుడిచేతి పక్కన ఎర్ర మష్రూమ్ బటన్, అడుగున 12 వోల్టుల బ్యాటరీ, విప్పి సంచిలో పెట్టుకునే నాలుగు కాళ్లు. పోటీ రోబోను బరి గీతకు ఇవతల నిలబడి నడిపే కుర్రాళ్ల కోసం పుట్టిన కంట్రోల్ స్టేషన్‌ని. వాళ్లు మాత్రం నన్ను ‘డబ్బా’ అంటారు. ఆ పేరుకు నేనేమీ నొచ్చుకోను. రోబోకు నెలలు ధారపోసి, డబ్బాను ఆఖరి రాత్రికి వదిలేసే అలవాటు మీదే నా పేచీ. మోసుకెళ్లే స్టేషన్ అనగానే బరువు తక్కువగా ఉండాలి అంటారు అందరూ. ఎక్కడ దించినా డ్రైవరు చేతికి తేడా తెలియకూడదు అంటాను నేను. బరువు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే నా కొలతలు, వైర్లు, బోల్టులు ఎలా ఉండాలో చాలావరకు తేలిపోయినట్టే.

నేనుండేది గుండ్లపోచంపల్లిలో. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ పోయే ఎంఎంటీఎస్ రైల్లో బొల్లారం దాటాక, గౌడవెల్లికి ముందు వచ్చే స్టేషను. దుస్తుల కంపెనీల అపారెల్ పార్కు ఇక్కడే. మైసమ్మగూడలో, కండ్లకోయలో ఇంజనీరింగ్ కాలేజీలు. శామీర్‌పేట దిక్కున 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. రోబో పోటీ ఈ చుట్టుపక్కల కొత్త మాటేమీ కాదు. అయితే పెద్ద బరి మాత్రం ఎప్పుడూ దూరమే. 2002లో టోక్యోలో మొదలైన ఏబీయూ రోబోకాన్‌కు మన దేశంలో 2008లో, 2014లో పుణే, 2022లో ఢిల్లీ వేదికలయ్యాయి. ఆ 2022 ఆట మరేదో కాదు, మన ఏడు పెంకులాటే. లగోరీ పేరుతో ఒక రోబో బంతులు విసిరి దొంతిని కూలిస్తే ఇంకో రోబో మళ్లీ పేర్చాలి. మన పిల్లలు సాధన చేసేది ఇక్కడి రేకుల షెడ్డులో, ఆడేది ఎక్కడో స్టేడియంలో. నేల మారుతుంది, వెలుతురు మారుతుంది, జనం గోల మారుతుంది, రేడియో వాతావరణం మారుతుంది. మారకుండా ఉంచుకోగలిగింది ఏదైనా ఉందంటే అది డ్రైవరు చేతి కింద ఉన్న నేనే. నన్ను కూడా ఏ బెంచీ దొరికితే ఆ బెంచీ మీద పరిచిన వస్తువుల కుప్పగా మార్చేస్తే ఇక మిగిలేదేముంది?

లెక్క చూద్దాం. రోబో సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో 1992లో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీ ఒకటుంది. అక్కడ డ్రైవర్ స్టేషన్ సాఫ్ట్‌వేర్ 20 మిల్లీసెకన్లకు ఒకసారి రోబోకు ఆదేశం పంపుతుంది. నా లింకుదీ అదే పద్ధతి. ఆ 20 మిల్లీసెకన్లలో రోబో జరిగేది 8 సెంటీమీటర్లు. కంటికి కనబడిన దానికి చేయి కదలాలంటే ఎంత చురుకైన మనిషికైనా 200 మిల్లీసెకన్లు అటూఇటూగా పడుతుంది. ఆలోపు రోబో 80 సెంటీమీటర్లు పోతుంది. ఇక బటన్ ఎక్కడుందో తెలియక, కళ్లు బరిని వదిలి పలక మీదికి దిగి, వెతుక్కుని, మళ్లీ పైకి లేవడానికి అర సెకను పట్టిందనుకుంటే మరో 2 మీటర్లు. రేడియో మాడ్యూల్ మార్చితే 5 మిల్లీసెకన్లు కలిసొస్తాయని జట్లలో గంటల కొద్దీ వాదనలు జరుగుతుంటాయి. 5 మిల్లీసెకన్లంటే 2 సెంటీమీటర్లు. మనిషి నరాల వేగాన్ని ఏ గల్లీలోనూ కొనలేం. పూర్తిగా తీసేయగలిగింది ఆ వెతుకులాట ఒక్కటే. దాన్ని తీసేసేది కోడ్ కాదు, ప్లైవుడ్డూ బోల్టులూ.

మా అపారెల్ పార్కులో కుట్టుమిషను ముందు కూర్చున్న ఆమె పెడల్ ఎక్కడుందని కిందికి వంగి చూడదు. సూది కింద గుడ్డ జరుగుతుంటే కళ్లు గుడ్డ మీదే ఉంటాయి, పాదం తన పని తాను చేసుకుపోతుంది. మిషను టేబుల్‌కు, పెడల్ స్టాండుకు బిగించి ఉండబట్టే అది సాధ్యం. నా జాయ్‌స్టిక్‌లను కూడా అందుకే వెల్‌క్రోతో సరిపెట్టకుండా బోల్టులు వేసి బిగించారు. వాటి మధ్య దూరం డ్రైవరు భుజాల వెడల్పును బట్టి, పలక ఎత్తు మోచేతిని బట్టి పెట్టారు. కాళ్లలో వరసగా రంధ్రాలున్నాయి, పిన్ను గుచ్చితే కాలు అక్కడే ఆగుతుంది. డ్రైవరు పొట్టివాడైతే ఏ రంధ్రం, పొడుగువాడైతే ఏ రంధ్రం అన్నది కాలు మీదే పెయింటుతో రాసి ఉంది. నన్ను మధ్యలో కీలు పెట్టి పుస్తకంలా మడిచే డిజైను కూడా కాగితం మీద అందంగానే ఉంటుంది. కీలు అరుగుతుంది, అరిగితే పలక ఊగుతుంది, ఊగితే రెండు జాయ్‌స్టిక్‌ల మధ్య కోణం రోజుకో తీరుగా ఉంటుంది. అందుకే నాది ఒకే పలక: 90 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల లోతు. ఈ 35 ఊరికే వచ్చిన అంకె కాదు. ఫస్ట్ పోటీ నియమాల్లో డ్రైవరు కన్సోల్ 60 అంగుళాల పొడవు, 14 అంగుళాల లోతు దాటకూడదు; 14 అంగుళాలంటే 35 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. మా పిల్లలు ఆ పోటీకి వెళ్లినా వెళ్లకపోయినా, కఠినమైన కొలతలో ఇమిడితే మిగతాచోట్ల బెంగ ఉండదు.

చెక్క ఒకటే ఉంటే చాలదు, లోపలి వరస కూడా ఒకటే ఉండాలి. యూఎస్‌బీ తీగ పీకి వేరే పోర్టులో పెడితే కంప్యూటరుకు ఎడమ జాయ్‌స్టిక్ కుడిదిగా, కుడిది ఎడమగా కనిపించవచ్చు. ఫస్ట్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఆరు పరికరాలకు స్థానాలు ఉండటం, ఏది ఏ స్థానంలో ఉండాలో తాళం వేసే వీలు ఉండటం ఈ బాధ తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటే. నాకైతే ఏ తీగ ఏ పోర్టులోకో రంగు టేపుతో గుర్తులున్నాయి, హబ్బు పలకకే బిగించి ఉంది, ల్యాప్‌టాప్‌కు పోయేది ఒకే ఒక్క తీగ. ఆ హబ్బుకు విడిగా కరెంటు ఇచ్చారు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే 500 మిల్లీ ఆంపియర్లను నాలుగు పరికరాలు పంచుకుంటే ఏదో ఒకటి అలిగి కూర్చుంటుంది. విండోస్‌లో కరెంటు పొదుపు కోసం యూఎస్‌బీని నిద్రపుచ్చే సెట్టింగు ఒకటుంది, దాన్ని ముందే ఆపేశారు. ఇంత చేసినా యూఎస్‌బీ ప్లగ్గును పట్టి ఉంచేది రాపిడే తప్ప మరొకటి లేదు. కాబట్టి ప్రతి తీగనూ ప్లగ్గుకు నాలుగు వేళ్ల దూరంలో పలకకు క్లిప్పు వేసి కట్టారు. ఎవరి కాలికి తగిలినా లాగుడు క్లిప్పు దగ్గరే ఆగుతుంది. రోబో నిలబడిపోగానే “అన్నా, వైఫై పోయింది” అని అరవడం రివాజు. వైఫై మీద పడే నిందల్లో కొన్నింటికి అసలు కారణం లూజ్ కాంటాక్టు.

వైఫై నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి, దాచను. తొలినాళ్ల రోబోకాన్ నియమాల్లో మనిషి నడిపే రోబోకు కేబుల్ వాడాలి, లేదా ఇన్‌ఫ్రారెడ్ లాంటివి; రేడియో తరంగాలకు అనుమతి లేదు. ఇప్పుడు అందరమూ 2.4 గిగాహెర్ట్జ్ మీద పడ్డాం. 2005 నాటి కేంద్ర నియమాల ప్రకారం ఆ బ్యాండులో 4 వాట్ల వరకు ప్రసారానికి లైసెన్సు అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టే స్టాండులో కూర్చున్న ప్రతివాడి జేబులో ఫోనుదీ అదే దారి. దానికి తోడు మనిషి ఒంట్లో ఉన్న నీరు ఆ తరంగాలను మింగేస్తుంది. నా వెనక మూలన ఒక గొట్టం లేచి డ్రైవరు తల దాటి పైన యాంటెన్నాను నిలబెడుతుంది. చుట్టూ మూగిన జనం రేడియోకు గోడ కాకూడదని. దాంతోనూ లింకు తెగితే? వంద మిల్లీసెకన్ల పాటు ఆదేశం అందకపోతే రోబో తన మోటార్లను తానే ఆపుకోవాలి. ఎర్ర బటన్ వైరింగు కూడా ఇదే తర్కం మీద నడుస్తుంది. దాని వెనక వాడింది ఎన్‌సీ కాంటాక్టు, అంటే మామూలుగా మూసి ఉండి, నొక్కితే తెరుచుకునేది. సర్క్యూట్ మూసి ఉన్నంతసేపే రోబోకు కదిలే అనుమతి. నొక్కినా ఆగుతుంది, తీగ తెగినా ఆగుతుంది, టెర్మినల్ స్క్రూ వదులైనా ఆగుతుంది. నొక్కితేనే సర్క్యూట్ కలిసే బటన్ పెట్టి ఉంటే, తీగ తెగిందన్న సంగతి సరిగ్గా అవసరం పడిన క్షణంలోనే తెలిసేది.

ఇంత హంగామా దేనికి, చేతిలో ఇమిడే గేమ్‌ప్యాడ్ చాలదా అని అడుగుతారు. సగం నిజమే. రోబో వార్ లాంటి యుద్ధాల్లో పాలికార్బొనేట్ పంజరం బయట నిలబడినవాడికి మెడలో వేలాడే ఆర్‌సీ ట్రాన్స్‌మిటర్‌ను మించింది లేదు. ఒక్కడే డ్రైవరు, రెండు కర్రలు, సిగ్నల్ పోతే ఆపేసే ఫెయిల్‌సేఫ్ రిసీవర్‌లోనే ఉంటుంది. డ్రైవరు రోబో వెంట గీత పొడవునా నడవాల్సిన ఆటల్లోనూ నేను కాళ్లకు అడ్డమే. అక్కడ నాకు పోటీగా నిలబడే దురాశ లేదు. కానీ రోబోకు చక్రాలతో పాటు చేయి, విసిరే యంత్రం, పట్టుకునే కొక్కెం వచ్చి చేరి, ఇద్దరు మనుషులు పంచుకుని నడపాల్సి వచ్చినప్పుడు, బ్యాటరీ వోల్టేజి, సెన్సరు రీడింగు కళ్ల ముందు ఉండాల్సినప్పుడు గేమ్‌ప్యాడ్ మీద ఒక్కో బటన్‌కు రెండేసి మూడేసి అర్థాలు అంటగట్టాల్సి వస్తుంది. ‘ఇది పట్టుకుని అది నొక్కు’ అన్న సూత్రాలు షెడ్డులో గుర్తుంటాయి, స్టేడియంలో ఉండవు. ఇంకో సంగతి: గేమ్‌ప్యాడ్ చేతిలోనే ఉంటుంది సరే, దానికి జతపడిన ల్యాప్‌టాప్ ఎక్కడ ఉంటుంది? ఎవరో ఒకరి మోకాళ్ల మీద, మూత సగం మూసి. నిజానికి ఆ మోకాళ్లే వాళ్ల కంట్రోల్ స్టేషన్. డిజైన్ ఎవరూ చేయలేదు, అంతే.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ వేరే ఉంది. రోబోలు తమంతట తామే నడిచే రోజులొచ్చాయి, డ్రైవరే లేనప్పుడు డ్రైవరు బల్ల ఎందుకు అని. 2024లో వియత్నాంలో జరిగిన ఏబీయూ రోబోకాన్ పంటకోత ఆటలో ఒక రోబో పూర్తిగా స్వయంచాలకంగానే నడవాలన్నారు, కాదనను. ఫస్ట్ పోటీలో కూడా ఏళ్ల తరబడి రెండున్నర నిమిషాల ఆటలో మొదటి 15 సెకన్లు మనిషి చేయి తగలకూడదన్న నియమం నడిచింది. కానీ ఆ 15 సెకన్లకు ముందు ఏ ప్రోగ్రాం నడవాలో ఎంచేది ఎక్కడ? రోబో ఎడమకు పోవాల్సింది కుడికి మళ్లితే ఆపేది ఎక్కడి నుంచి? దానికి ఏం కనబడి అలా మళ్లిందో చూపించే తెర ఎక్కడ? స్వయంచాలకత పెరిగేకొద్దీ జాయ్‌స్టిక్‌ల పని తగ్గుతుందని ఒప్పుకుంటాను. అదే లెక్కన తెర పని, ఎర్ర బటన్ పని పెరుగుతాయి. మనిషి నడిపే రోబో దారి తప్పితే జాయ్‌స్టిక్ వదిలేస్తే చాలు. తనంతట తాను నడిచేదానికి వదిలేయడమనే వీలే లేదు, దాన్ని ఆపి తీరాలి. ముందు ముందు నా మీద జాయ్‌స్టిక్‌లు చిన్నవైనా అవుతాయేమో గానీ బటన్ చోటు మారదు.

ఖర్చు మాటకొస్తే నేను గొప్పింటి బిడ్డనేం కాదు. కనెక్టర్లు, స్విచ్చులు కోఠి గుజరాతీ గల్లీవి, నట్లూ బోల్టులూ రాణీగంజ్‌వి, రేకు వంచింది జీడిమెట్లలో. 2023లో రాయదుర్గంలో తెరుచుకున్న టీ-వర్క్స్ లాంటి చోట లేజరుతో కోయిస్తే అంచులు ఇంకా నున్నగా వచ్చేవి. చేతి రంపంతో కోసినా జాయ్‌స్టిక్ రంధ్రాలు కచ్చితంగా వస్తే నాకు చాలు. మిగిలేది బరువు. ఎంఎంటీఎస్ ఎక్కించాలంటే ఇద్దరు చెరోవైపు పట్టుకోవాలి, అది నిజమే. చక్రాలు పెట్టమని సలహాలొస్తాయి. బరి పక్కన బ్రేకు జారిన చక్రం డ్రైవరు చేతి కింద నుంచి పలకను లాగేస్తుంది కాబట్టి నా కాళ్లకు రబ్బరు బుష్‌లే ఉన్నాయి. తగ్గించాల్సిన బరువు కాళ్లలో లేదు, అడుగున ఉంది. 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. దాని స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెడితే అందులో సగానికి పైగా పోతుంది, చేతికి తేడా తెలియదు. ఆ తగ్గిన బరువును మిగుల్చుకోవద్దనే నేను చెబుతాను. కాళ్ల మధ్య అడ్డంగా రెండు అల్యూమినియం పట్టీలు వేయించండి. ఉత్కంఠలో డ్రైవరు ముందుకు వాలినప్పుడు పలక వెనక్కి ఊగడం ఇంకా పూర్తిగా పోలేదు.