డీఎస్సీ పడేదాకా...

నాదెండ్లలో బీఈడీ చదివిన కుర్రాడు పార్సిళ్ల సంచీ బండికెత్తాడు. ‘‘డీఎస్సీ పడేదాకానే బాబాయ్!’’ 2018 తర్వాత మళ్లీ 2024లో పడింది, ఆ ఏడే రద్దయింది. 2025లో మెగా డీఎస్సీ వచ్చేసరికి సిలబస్ మరిచాడు. చిలకలూరిపేట దాకా డోర్ నంబర్లు లేని ఇళ్లు మాత్రం కంఠతా వచ్చేశాయి. కిస్తీలు తీరేలోపు బండే అరిగింది. కొత్త బండి, కొత్త కిస్తీలు. ఇంకెక్కడ మానేది?

కేంద్ర సర్కారూ ఊరుకోలేదులెండి. ఇలాంటి గిగ్ కార్మికులకు సామాజిక భద్రత అంటూ 2020లో చట్టం చేసి, 2025 నవంబరులో అమల్లోకి తెచ్చింది. పార్సిల్ ఒక్క పూట ఆలస్యమైతే కుర్రాడి రాబడికి కోత. అయిదేళ్లు ఆలస్యమైన చట్టానికి మాత్రం సన్మానం!