వడియాల్లో లాకు

మా సైకిలు చైను జారడం మొదలై వారమైంది. కూరగాయల సంచీ హ్యాండిలుకి తగిలించుకున్నప్పుడు, అదీ వెనక లారీవాడు హారను కొట్టినప్పుడే జారుతుంది. ఉత్తుత్తి పెడలు తొక్కే మనిషిని చూసి నవ్వని వీధి మా ఊళ్లో లేదు.

"చైను సాగింది సార్, కొత్తది వెయ్యాలి" అన్నాడు షాపతను. కొన్నాను గానీ వెయ్యనివ్వలేదు. 1880లో మాంచెస్టర్లో హాన్స్ రెనాల్డ్ రోలర్ చైను కనిపెట్టిన దగ్గర్నుంచీ లోకమంతా బిగించుకుంటున్నదానికి, నా దగ్గర కూలి ఏమిటని.

చైను కొసలు రెంటినీ కలిపేది చేప ఆకారంలో చిన్న లాకు. తల చైను నడిచేవైపు, చీలిన తోక వెనక్కి. ఇంత శాస్త్రం తెలిసి కటింగ్ ప్లేయరుతో నొక్కానా, 'టప్' మని ఎగిరింది. ఎగిరి, మా ఆవిడ మంచం మీద పాత చీర పరిచి అప్పుడే పెట్టిన వడియాల్లో పడింది.

గుమ్మడికాయ వడియాలు. ఎన్నని అడిగితే రెండువందల పైచిలుకంది. నల్లగా మచ్చ కనబడ్డదాన్ని చూద్దామన్నాను. జీలకర్ర వేసిన వడియానికి మచ్చ లేకుండా ఎలా ఉంటుంది? పుల్లతో గుచ్చబోతే చెయ్యి మీద ఒకటి పడింది. పక్కింటి కుర్రాడు పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చి, దిష్టి తీసినట్టు మంచమంతా తిప్పాడు. చీర అంచునుంచి ఒక పిన్నీసు వచ్చింది. సంక్రాంతినాడు పోయిన పిన్నీసట. పనిమనిషిని అనుమానించారట అప్పుడు. దాంతో లాకు సంగతి పోయి పనిమనిషి సంగతి వచ్చింది. అది తేలేసరికి ఎండ నడినెత్తికెక్కింది.

"అయినా పాత చైనుకి లాకు లేదాండీ?" అంది మా ఆవిడ, చేతులు కడుక్కుంటూ.

ఉంది. బిగించాను. వీధి చివర మళ్లీ జారింది, ముందుకన్నా ఘోరంగా.

"ఫ్రీవీలు పళ్లు కూడా అరిగాయి కద సార్" అన్నాడు షాపతను. ముందే చెప్పలేదేమయ్యా అంటే, "మీరు ఇక్కడ బిగించుకోలేదు కద!"

చైను నిజానికి సాగదట. పిన్నుల దగ్గర వెంట్రుకవాసి చొప్పున అరుగుతుంది. పిన్నుకీ పిన్నుకీ అరంగుళం లెక్కన ఇరవైనాలుగు లింకులు పన్నెండంగుళాలుండాలి. నా పాతదాన్ని కొలిస్తే పావంగుళం ఎక్కువుంది. అది పెరిగినకొద్దీ పళ్లూ దానికి తగ్గట్టే అరుగుతూ వచ్చాయి. అన్నేళ్లూ ఒకదానికొకటి సర్దుకున్నాయి.

మొన్న వేసవిలో హైదరాబాదులో మా అబ్బాయింట్లో నెల్లాళ్లున్నాం. అంతా కొత్తగా, నున్నగా ఉంది. బాగానే చూసుకున్నారు. అయినా కాఫీ వేళ దగ్గరో, టీవీ చప్పుడు దగ్గరో, పూటకోసారి ఎక్కడో జారుతూనే ఉన్నాం. రైలెక్కించేటప్పుడు వాడూ ఉండిపొమ్మనలేదు, మేమూ ఉంటామనలేదు.

ఫ్రీవీలు మార్పించాను. కూలితో సహా ఇచ్చుకున్నాను. లాకు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. రాత్రి పప్పులోకి వడియాలు వేయించింది మా ఆవిడ.

"ముందు మీరు తినండి" అంది.