పాతబస్తీలో కొత్త షుగర్

పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణానికి పద్దులు రాసేవాణ్ణి. మార్చి నెలాఖరులోపు సర్దుబాటు కాని లెక్కంటూ ఉండదన్న నమ్మకం మీద ఇన్నేళ్ళు బతికాను. అలాంటి నా చేతిలో ల్యాబువాళ్ళు ఒక కాగితం పెట్టారు. పరగడుపున 142, హెచ్‌బీఏ1సీ 7.4. మొదటిది 126కీ, రెండోది 6.5కీ చేరితేనే షుగరట. మళ్ళీ చేయించినా కాగితం మారింది గానీ సంగతి మారలేదు.

పరగడుపు లెక్కనంటే ముందురోజు రాత్రి పుల్కాలతో సరిపెట్టుకుని కాస్త దించొచ్చేమో. రెండోదాని దగ్గర ఆ పప్పులుడకవు. ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందట. బతికినన్నాళ్ళూ రక్తంలో తిరిగే చక్కెరను ఒంటికి అంటించుకుంటూనే ఉంటుందట. అంటే గడిచిన రెండు మూడు నెలల్లో ఏ పెళ్ళిలో ఎంత డబుల్ కా మీఠా లాగించానో అంతా చిట్టాకెక్కిందన్నమాట. ఇంత నిజాయితీగల గుమాస్తాను పత్తర్‌గట్టీలో నేనెక్కడా చూడలేదు, అద్దంలో కూడా.

డాక్టరుగారు మంచివారే. కాకపోతే ఆయన క్లినిక్కు మూసీకి అవతల ఉంది. ‘చాయ్‌లో చక్కెర మానెయ్యండి’ అని తేలిగ్గా అనేశారు. ఇవతల చాయ్‌లో చక్కెర వేసుకునేది మనమా? నేను రోజూ కూర్చునే ఇరానీ హోటల్లో డికాక్షన్ తెల్లవారుజాము నుంచి మరుగుతూ ఉంటుంది, తీపి ముందే కలిసిపోయి ఉంటుంది. గుండె రాయి చేసుకుని ‘ఫీకీ చాయ్’ అడిగాను. బేరర్ కుర్రాడు భుజం మీద గుడ్డ తీసి చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు: “ఘర్ మే సబ్ ఖైరియత్ హై నా, సాబ్?”

ఉస్మానియా బిస్కెట్టు విషయంలో జరిగింది మరీ అన్యాయం. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఏడో నిజాం హయాంలో కట్టిన ఉస్మానియా దవాఖానా ఉంది కదా, అక్కడి రోగుల కోసమే మొదట ఈ బిస్కెట్టు చేశారని ఊళ్ళో చెప్పుకుంటారు. నిజానిజాలు ఆ నిజాంకే ఎరుక, నాకు మాత్రం వాదన దొరికింది. రోగుల కోసం పుట్టినదాన్ని, తీరా నేను రోగినయ్యాక మానుకోమనడం ఏం న్యాయం? ఈ పాయింటు మా ఆవిడ ముందు పెట్టాను.

“అట్లయితే దవాఖానల చేరుండ్రి, పొట్లం కట్టించుకొని వస్త” అంది.

వైద్యులకు మా గల్లీలో ఎన్నడూ కొరత లేదు. మెంతులు ఒకరు, కాకరరసం ఒకరు, నేరేడు గింజల పొడి ఇంకొకరు. పక్కింటి ఖాలా అయితే చార్మినార్ పక్కనే నిజామియా యునానీ దవాఖానా ఉండగా ఏరు దాటి పోవడమేమిటని నిలదీసింది. నేను మెట్‌ఫార్మిన్ మీదే నిలబడ్డాను. కూపీ లాగితే దాని మూలమూ ఒక మొక్కేనట, యూరప్ పచ్చికబయళ్ళలో పెరిగే గలీగా అనే మొక్క. ఈ మాట చెవిన పడగానే మా పిన్నికి ఆ మాత్ర మీద గౌరవం పుట్టి, ‘పచ్చి ఆకు దొరకదా బిడ్డా?’ అని అడిగింది.

అసలు పరీక్ష పెళ్ళిళ్ళలో. చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో ఖుబానీ కా మీఠా నా ముందుకొచ్చింది. ‘షుగర్ ఉంది’ అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టాను. పెళ్ళికొడుకు తండ్రి “మేరేకు భీ హై, ఖాలో భాయ్” అని గరిటె నిండా వేశాడు. ఆయనకు ఇరవై ఏళ్ళ సర్వీసట. ఎదుటి కుర్చీలో ఉన్నాయనకు ఇన్సులిన్ దాకా ప్రమోషన్. దేశంలో పది కోట్ల పైచిలుకు మందికి షుగరుందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క తేల్చింది. వాళ్ళలో నేను మొన్న చేరినవాణ్ణి. సీనియర్లు తింటుంటే జూనియర్ పత్యం చేయడం పెద్దరికాన్ని ధిక్కరించడమే కదా! (ఈ వాదన మా ఆవిడ ముందు పెట్టలేదు.)

ఇక నడక. రోజుకో అరగంట నడవమన్నారు. లాల్‌దర్వాజ నుంచి శాలిబండ మీదుగా చార్మినార్ దాకా దారి బాగానే ఉంటుంది, ముక్కు లేనివాళ్ళకు. పొద్దున నహారీ, కుల్చా. సాయంత్రం బేకరీల్లో దిల్‌పసంద్ వేడివేడిగా ట్రేలు దిగుతూ ఉంటుంది. కరిగించేదానికన్నా పీల్చేదే ఎక్కువని తేలాక నడకను డాబా మీదికి మార్చాను.

మా గల్లీలో డాబాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. సంక్రాంతికి పతంగులు ఎగరేయడానికి తప్ప ఎవరూ ఎక్కరనుకునేవాణ్ణి. తెల్లారగట్ల పైకెక్కి చూద్దును కదా, ప్రతి నీళ్ళ ట్యాంకు చుట్టూ ఎవరో ఒకరు ప్రదక్షిణ చేస్తున్నారు. అటు ఖాలా, ఇటు పాలకేంద్రం యాదగిరన్న, వెనకాల రిటైరైన హెడ్మాస్టరుగారు. అందరూ ఇంట్లో వేలికి సూది గుచ్చుకుని, అంకె చూసుకుని మరీ ఎక్కుతారు. ఆ అంకెలు పిట్టగోడల మీదుగా అరిచి చెప్పుకోవడం ఇక్కడి ఆచారం.

“నూట పద్దెనిమిది!”

“నూట ముప్ఫై ఒకటి!”

మొన్న నా వంతు వచ్చింది. “నూట తొంభై” అన్నాను, దగ్గులో కలిపి.

ప్రదక్షిణలన్నీ ఆగిపోయాయి. ఖాలా తస్బీ తిప్పడం ఆపి, “రాత్ కో కిధర్ థీ షాదీ?” అంది.

హెడ్మాస్టరుగారు పిట్టగోడ దాకా నడిచొచ్చారు. కళ్ళజోడు సవరించుకుని, “అవునయ్యా, ఏ ఫంక్షన్ హాలు? మాకు పిలుపు రాలేదేంది?” అన్నారు.